బెల్లంపల్లి బండిలో చప్పుడు

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకే. కరీంనగర్‌లో నాకు కార్ల రిపేరు షెడ్డు ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద పసుపు కుంకుమలు పూసి, ఇంజిన్ ఆయిల్ మాత్రం ఏళ్ల తరబడి మార్చని మహానుభావులు రోజూ నా దగ్గరికే వస్తారు. బండి ఆగిపోతే దిష్టి తగిలిందంటారు. దిష్టి కాదు నాయనా, నీ పిసినారితనం తగిలింది అని మొహం మీదే చెబుతాను.

కాబట్టి ఇది చదివి నన్ను ఎవరైనా ఆ గుంపులో కలిపితే ఊరుకోను.

మా అక్క భర్త దుబాయిలో మేస్త్రీ పనిచేసి తిరిగొచ్చాడు. ఇక ఆ లేబర్ క్యాంపు మొహం చూడనన్నాడు. గల్ఫ్ పోయేవాళ్లను ఎయిర్‌పోర్టులో దించే కిరాయిల కోసం ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. బెల్లంపల్లిలో ఎవరో అమ్ముతున్నారని బ్రోకర్ చెబితే పోయి, సీటు కవర్లు చూసి, పాటలు మోగించి చూసి తెచ్చుకున్నాడు. సీటు కవర్లు చూసి కారు కొనేవాణ్ని ఏమనాలి? బావ కాబట్టి సగమే తిట్టాను.

వారం తిరక్కముందే ఇంజిన్‌లో చప్పుడు మొదలైంది. టక్ టక్ అని రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. సుల్తానాబాద్‌లో ఎక్కిన ఒక కుటుంబం, ఈ బండిని నమ్ముకుంటే విమానం తప్పిపోతుందని సగం దారిలో దిగి వేరే కారు మాట్లాడుకుంది. ఆ మాట నలుగురికీ పాకి కిరాయిలు బందయ్యాయి.

"నీతోని అయితదా కాదా చెప్పు బామ్మర్ది. గిది నడువకుంటే నేను మళ్ల దుబాయే పోవాలె," అన్నాడు బావ. పక్కన అక్క ఏడుస్తోంది.

నేను నవ్వాను. చప్పుడు దొరక్కపోవడమేమిటి? పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపలి ప్రతి భాగం తన రోగం తానే చెబుతుంది. అలాగే విన్నాను. టాపెట్ల దగ్గర శుభ్రంగా ఉంది. ఇంజెక్టర్ల దగ్గరా, కింద బేరింగుల దగ్గరా అంతే. చప్పుడు మాత్రం బయటికి వినిపిస్తూనే ఉంది.

ఇంకో సంగతి. ఇంజిన్ చప్పుడు ఏదైనా సరే, ఎక్సిలరేటర్ తొక్కితే దానితోపాటు జోరందుకోవాలి. ఇది అందుకోలేదు. నేనెంత తొక్కినా తాపీగా రెండు కొట్టి, ఆగి, ఇంకొకటి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంజిన్ మొత్తం దించి విప్పాను. అరిగిన బేరింగు లేదు, వదులైన బోల్టు లేదు. బిగించి స్టార్ట్ చేస్తే మళ్లీ అదే.

బావ వాళ్లమ్మ కొండగట్టు ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయి పూజ చేయించమంది. అంజన్నకు ఇంజిన్ పని కూడా వచ్చా అని అడిగాను. ఆమె ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

ఏదో లోపం దాచిపెట్టి అంటగట్టారని తేల్చుకున్నాను. బండి తిరిగిచ్చేద్దామని బావను వెంటబెట్టుకుని బెల్లంపల్లి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. అమ్మినవాడు బనీనుతోనే బయటికొచ్చాడు.

"అమ్మిన బండి మళ్ల మా నెత్తిన పెడ్తరా? మా బాపు ఉన్నన్ని రోజులు గిసుంటి సప్పుడు మేమెన్నడు ఇనలే," అన్నాడు.

అబద్ధం ఎంత నున్నగా చెబుతున్నాడో అనుకున్నాను. నువ్వే విను అని ఇంజిన్ స్టార్ట్ చేశాను. టక్ టక్. ఆగి, టక్.

లోపల బియ్యం ఏరుతున్న అతని తల్లి చేట పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చింది. కాసేపు వింది.

"మా ఆయన సప్పుడు గది," అంది.

ఆమె భర్త బొగ్గుబావిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరయి, పోయినేడు జబ్బు చేసి చనిపోయాడట. బావిలో పైకప్పు కింద అడుగుపెట్టే ముందు దాన్ని కర్రతో తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది, బోలుగా పలికితే కూలేది.

"గా అలవాటు ఇంట్ల గూడ పోలే బిడ్డా. పండుకునే ముందు దూలం తట్టెటోడు. కారెక్కే ముందు బానెట్ తట్టెటోడు. రెండు కొట్టి, ఆగి ఇని, ఇంకోటి కొట్టెటోడు. గది అయినంకనే మమ్ముల ఎక్కనిచ్చెటోడు."

మొగుడి మీద బెంగతో ఆమె ఏదో అంటోంది, సరే. మా బావ చేతులెందుకు జోడించాలి? "చెయ్యి దించు బావా, ఇజ్జత్ తియ్యకు," అని కసిరాను.

ఆమె మమ్మల్ని పట్టించుకోలేదు. వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. "అంత గట్టిగనే ఉన్నది, ఏం కూలది. ఇగ సాలు తియ్యి. పోరగాళ్లను పరేషాన్ చెయ్యకు. నువ్వు పో," అంది. అన్నానికి పిలిచినంత మామూలుగా అంది.

చప్పుడు ఆగిపోయింది. ఇంజిన్ మాత్రం నడుస్తూనే ఉంది.

నేను వదల్లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను, బజారు దాకా తోలుకొచ్చాను. ఏమీ లేదు. ఈ రోజుకీ బావ అదే బండి నడుపుతున్నాడు, దుబాయి ఊసే లేదు. ఆమె చెయ్యి ఒత్తిడికి ఏదో రేకు సర్దుకుని ఉంటుందని తోటి మెకానిక్కులు తేల్చేస్తారు. ఎక్సిలరేటర్‌ను లెక్కచెయ్యని రేకు ఏ కారులో ఉంటుందో చూపించమంటే టీ తాగొద్దామని లేస్తారు. సరే, వాళ్లకు తెలియదు. నాకూ తెలియదు. ఈ మాట అనాల్సి రావడం నాకు ఎంత మంటగా ఉందో మీకేం తెలుసు!

ఆ రోజు మేము బయల్దేరుతుంటే ఆమె వచ్చి కిటికీ పట్టుకుంది. "ఇంకొక్కపారి ఆపి స్టార్ట్ జెయ్యి బిడ్డా," అంది.

చేశాను. ఆమె ముందుకెళ్లి, వంగి బానెట్‌కు చెవి ఆనించింది. ఇంజిన్ మెత్తగా నడుస్తోంది. ఎక్సిలరేటర్ తొక్కాను, వదిలాను, మళ్లీ తొక్కాను. బాగున్న ఇంజిన్‌లో చప్పుడు రావాలని నేను కోరుకున్నది ఈ పనిలో అదొక్కసారే.

రాలేదు.

"పొమ్మంటే నిజంగనే పోయిండు," అంది ఆమె.