వెనక ఇంజను డ్రైవరు

భర్త విషయంలో ఆడవాళ్లు ఇంకో ఆడదాన్ని చూసి కుళ్లుకుంటారని లోకం అనుకుంటుంది. నేను కుళ్లుకున్నది ఒక మగవాణ్ణి చూసి. అతను బర్కత్‌పురలో ఉండేవాడు. పల్చటి మనిషి, ఎప్పుడూ నోట్లో వక్కపలుకు, నన్ను నోరారా వదినా అని పిలిచేవాడు. అతనితో నాకు పేచీ ఏమీ లేదు. మావారు నడిపే గూడ్సు బండికి వెనక ఇంజను అతనిది. అంతే, అదే నా బాధ.

ఇది 1969 సంగతి. మేం భీమవరం వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో రెండు గదుల వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. నేను నారాయణగూడలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మావారు కాచిగూడలో బొగ్గు వేసే పనితో మొదలుపెట్టి గూడ్సు డ్రైవరయ్యారు. ఆ తరవాత ఆయన్ని గోవా వైపు దిగే ఘాట్ మీదికి వేశారు. కాచిగూడలో బండెక్కి ద్రోణాచలం, గుంతకల్లు, హుబ్లీ మీదుగా వెళ్లాలి. అక్కడ అడవి, ఎడతెగని వాన, నాకు ఉద్యోగం దొరికే బడి లేదు. అందుకని నేను ఇక్కడే ఉండిపోయాను. ఆయన నెలకి నాలుగు రోజులు వచ్చేవారు. ఏడాదికి నలభై ఎనిమిది రోజుల కాపురం. ఆ నాలుగు రోజులే అతనికీ సెలవు. అందులో సగం అతనే తినేసేవాడు.

పొద్దున్న కాఫీ గిన్నె దించకముందే గుమ్మంలో గొంతు వినిపించేది.

"వదినా, జర చాయ్ దొరుకుతదా?"

"ఇది కాఫీ ఇల్లు," అనేదాన్ని.

"కాపీ అయినా మంచిదే. మా ఇంట్ల నీళ్ల చాయ్ తాగి నాలుక సచ్చింది."

ఆ మాటకి మావారు నవ్వేవారు. నేను ఎన్ని మాటలన్నా అలా నవ్వేవారు కాదు. తరవాత ఇద్దరూ వసారాలో కూర్చుని, నా చపాతీ పీట ఒక పక్క ఇటుక మీద ఆనించి, దాని మీద అగ్గిపెట్టెలు వరసగా పేర్చి దారంతో కట్టేవారు. ముందు పెట్టె మీద మావారి వేలు, వెనక పెట్టె మీద అతని వేలు. అలా ఖనిజం బండి కొండ దిగేది. నేను వంటింట్లోంచి వినేదాన్ని. ఆ ఏడాది ఊళ్లో తెలంగాణ గొడవల వల్ల మా బడి చాలా రోజులు నడవలేదు, వినడానికి నాకు తీరుబడి కూడా దొరికింది.

నేను ఆ ఘాట్ గురించి నేర్చుకున్నదంతా అలా చాటు నుంచి విన్నదే. బండికి బ్రేకు పట్టేది గాలి. గొట్టంలోంచి గాలి లాగేసి ఉంచితే చక్రాలు వదులుగా తిరుగుతాయి. గాలి లోపలికి వదిలితే బ్రేకులు పట్టుకుంటాయి. కాని మళ్లీ గాలి లాగడానికి సమయం పడుతుంది. అందుకని వేగం వచ్చాక పట్టుకుందామనుకున్నవాడు ఘాట్‌కి పనికిరాడు. పట్టి వదిలి, పట్టి వదిలి దిగితే చివరికి పట్టడానికి బలం మిగలదు. పైనుంచి కదిలినప్పుడే మనిషి నడిచేంత వేగంలో, బ్రేకు పట్టే ఉంచి దిగాలి. సగం దారిలో ఒక చీలిక ఉంటుంది. అక్కడ పట్టాలు ఎప్పుడూ ఎదురు కొండ ఎక్కి ఆగిపోయే మొండి లైనుకే కలిపి ఉంటాయి. బండి చీలికకి ముందు పూర్తిగా ఆగి కూత వేయాలి. అది ఆగగలదని కళ్లారా చూశాకే అక్కడి మనిషి అసలు దారి కలుపుతాడు. ఆగలేని బండి ఆ మొండి లైను ఎక్కి ఇసకలో కూరుకుంటుంది.

అన్నిటికన్నా నాకు గుచ్చుకున్న సంగతి కూతలది. ముందు ఇంజను కూత వేస్తే వెనక ఇంజను జవాబివ్వాలి. జవాబు రానిదే ముందున్నవాడు బ్రేకు వదలకూడదు. మలుపుల్లో, మంచులో ఒకరికొకరు కనబడరు. కొండ మీద ఆయన మాటకి జవాబు చెప్పేది అతనే, ఆయన ప్రాణం ఉన్నదీ అతని చేతిలోనే. ఇక్కడ నేను పిలిస్తే మాత్రం ఆయన పేపరు చదువుకుంటూ ఊఁ అనేవారు.

ఒకరోజు ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చాను.

"ఐదువందల యాభై ఐదు టన్నుల బండి అనుకోండి," అన్నాను. "ముప్పై ఏడు అడుగులకి ఒక అడుగు వాలు అన్నారు కదా. అంటే పదిహేను టన్నులు కిందికి లాగుతుంది. దాన్ని మించి పట్టే బ్రేకుంటే సరిపోదూ?"

మావారు తలూపారు. "లెక్క సరిగ్గానే ఉంది." మళ్లీ పీట వైపు తిరిగారు.

అతను మాత్రం అగ్గిపెట్టెల దారం పట్టుకు చూపించాడు. "వదినా, మీ లెక్కల బండి ఒక్కటే ముక్క. మాది ముప్పై ముక్కలు. ముందుది ఆగుతది, ఎనకది ఇంకా ఉరుకుతనే ఉంటది. గా నడుమ సందుల్నే ఉంటది మా పరేషాన్ అంత."

"విన్నావా?" అన్నారు మావారు, ఆ ముక్క తనే చెప్పినంత గర్వంగా. బి.ఎస్సీలో నాకు క్లాసు వచ్చిందని తెలిసినప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు.

అతణ్ణి పూర్తిగా ద్వేషించే వీలు కూడా లేకపోయింది. ఆ వేసవిలో ఒకనాడు నారాయణగూడ చౌరస్తాలో రాళ్లు పడుతుంటే, నన్ను సందుల్లోంచి తీసుకొచ్చి ఇంట్లో దిగబెట్టింది అతనే. దారిలో ఎవరో "ఆమె ఏ ఊరామె?" అని నిలదీస్తే, "మా వదినె. ఏ ఊరైతె ఏంది నీకు?" అన్నాడు. ఇంటికొచ్చాక కాఫీ ఇచ్చాను. చక్కెర ఎక్కువే వేశాను. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

జూన్ చివర్లో చిక్కడపల్లి మార్కెట్‌లో అతని భార్య కనిపించింది. బెండకాయల బుట్ట దగ్గర నా పక్కనే కూర్చుంది.

"అక్కా, ఇగ అన్న ఇంటికాడనే ఉంటడట గద. నీకు పండుగే."

"ఎవరన్నారు?"

"మా ఆయన. కాచిగూడల పాసింజర్ బండి నడిపెటాయన రిటైర్ అయిండట, గా జాగ అన్నకే ముందుగాల ఇస్తరట. జూలై పన్నెండు లోపట ఒప్పుకున్నట్టు రాసియ్యాల్నట. అన్న మా ఆయనకు చెప్పి నెల దాటింది." ఆమె నా మొహం చూసింది. "ఏందక్కా, నీకు ఎరుక లేదా?"

"తెలుసు," అన్నాను.

ఇంటికొచ్చి చూసుకుంటే ఏరి ఏరి తెచ్చినవన్నీ ముదురు బెండకాయలు.

పాసింజరు బండంటే ప్రతి రెండో సాయంత్రం ఇంట్లో ఉంటారు. నెలకి పదిహేను సాయంత్రాలు. నాలుగెక్కడ, పదిహేనెక్కడ. ఆ సంగతి నెల రోజులుగా బర్కత్‌పురలో తెలుసు, చిక్కడపల్లిలో తెలియదు.

జూలై ఐదున ఆయన వచ్చారు. అన్నం వడ్డించి, మజ్జిగ దాకా ఆగి అడిగాను.

"అతని పెళ్లానికి తెలుసు. నాకు తెలియదు."

"నీకు చెబితే సంతకం పెట్టమంటావు."

"పెట్టమంటాను."

"అందుకే చెప్పలేదు."

ఆయన అబద్ధమాడి ఉంటే బాగుండేదనిపించింది. చెయ్యి కడుక్కుని వచ్చి అప్పుడు అసలు సంగతి చెప్పారు. ఆయన దిగివస్తే ఆ ముందు ఇంజను మీదికి వెళ్లేది అశోక్‌నగర్‌లో ఉండే ఒక డ్రైవరు. మైదానంలో మంచి పేరున్నవాడే. కాని కిందటి సెలవులో వీళ్లిద్దరూ ట్యాంక్ బండ్ మీద నిలబడి, ఆ డ్రైవరు లోయర్ ట్యాంక్ బండ్‌కి సైకిలు మీద దిగడం చూశారట.

"సగం దాకా బ్రేకు ముట్టుకోలేదు," అన్నారు మావారు. "కింద రిక్షా అడ్డమొస్తే అప్పుడు రెండూ బిగించి పట్టాడు. కాలు నేలకి రాసుకుంటూ ఆగాడు."

"అది సైకిలు."

"మనిషి అదే మనిషి. వేగం వచ్చాక చూసుకుందామనే రకం. ముందున్నవాడు అలా దిగితే వెనకవాడేం చేస్తాడు? వాడికి ముందు దారి కనబడదు, దూకడానికి చోటు ఉండదు."

"అతని గురించి దిగులుపడటానికి అతనికి భార్య ఉంది. మీరెందుకు పడాలి?"

నేను అడిగినదాంట్లో తప్పేమీ లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. భార్య బతిమాలితే కదలని మనిషి, స్నేహితుడి వెనక చక్రాల కోసం నా పదిహేను సాయంత్రాలు వదులుకుంటున్నాడు.

మర్నాడు ఆదివారం. ఆయన నిద్రలో ఉండగా నారాయణగూడ మీదుగా నడిచి బర్కత్‌పుర వెళ్లాను. అతను పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు. నన్ను చూసి సగం నురగతోనే లేచాడు.

"మీరు ఆయన్ని వదిలిపెట్టండి," అన్నాను.

"నేనేడ పట్టుకున్న వదినా? పో అన్నా, పో అన్నా అని నెలసంది మొత్తుకుంటున్న. ఇంటలేడు." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "మీకు నా మీద కోపమని నాకెరుకే. అన్న నా పేరు తీస్తె మీ ఇంట్ల గిన్నెలు సప్పుడు జేస్తయ్. గా సప్పుడు ఈడిదాంక ఇనొస్తది."

లోపలినుంచి అతని భార్య నవ్వింది. నేను నవ్వలేదు.

"ఆ అశోక్‌నగర్ ఆయన అంత పనికిరానివాడా?"

"పనికి రాకేంది. చేయి తొందర, గంతే. ఇప్పటిదాంక గా చేయి పట్టి ఆపినోడు లేడు."

"మా బడిలో లెక్క తప్పుచేసిన పిల్లని ఇంటికి పంపించం. పక్కన కూర్చుని మళ్లీ చేయిస్తాం. పన్నెండో తారీఖు దాకా వారం ఉంది. మావారిని ముందు ఇంజనులో పక్కనే నిలబడి, ఆ అశోక్‌నగర్ ఆయన చేత బండి దింపించమనండి. మీరు వెనక ఉండండి. మీకు బాగుందనిపిస్తేనే సంతకం."

అతను వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నాడు. "మంచి మాటనే. గిది మీరే చెప్పుండ్రి అన్నకు."

"నేను చెబితే వినరు. మీరు చెబితే వింటారు."

జీవితంలో కష్టంగా పలికిన మాటలు నాకు నాలుగైదు ఉన్నాయి. అందులో ఇదొకటి. అతను నా వంక చూశాడు, హాస్యమాడలేదు. సాయంత్రం వస్తానన్నాడు.

వచ్చాడు. వసారాలో నిలబడే చెప్పాడు, కూర్చోలేదు కూడా. మావారు ఒక్కసారికే సరేనన్నారు. వంటింట్లో నా చేతిలో గిన్నె ఉంది. చప్పుడు కాకుండా కింద పెట్టాను.

సోమవారం ముగ్గురూ బండెక్కారు. ఆ అశోక్‌నగర్ డ్రైవరు తెల్లటి చొక్కా వేసుకుని ఉషారుగా ఉన్నాడు, పెళ్లికి వెళుతున్నట్టు. శనివారం మధ్యాహ్నం ఆఫీసు మూసేలోగా మావారు సంతకం పెట్టకపోతే ఆ ఉద్యోగం తరవాతివాడికి పోతుంది. అశోక్‌నగర్ ఆయన చెయ్యి నెమ్మదించకపోతే మావారు సంతకం పెట్టరు. నా కాపురం మొత్తం, ముఖం కూడా సరిగా తెలియని ఒక మనిషి మణికట్టు మీద ఆధారపడి ఉంది. ఆ వారం హైదరాబాదులోనూ వాన పడింది. నేను పిల్లల కాగితాలు దిద్దుతూ, ప్రతి గంటకీ ఆ మొండి లైను తలుచుకున్నాను. ఒక్కసారి కూడా ముందు ఇంజను ఒంటరిగా కనిపించలేదు. వెనకాల అతను ఉన్నాడు. అది ధైర్యంగానూ ఉంది, మంటగానూ ఉంది.

శనివారం పొద్దున్నే కాచిగూడ స్టేషన్‌కి వెళ్లి కూర్చున్నాను. బండి ఆలస్యం. పదకొండు దాటాక వచ్చింది. ఆయన ఒక్కరే దిగారు, గడ్డం పెరిగి, చొక్కా మీద బొగ్గు. నన్ను చూసి ఆశ్చర్యపోయారు.

"నువ్వెందుకొచ్చావు?"

"ఆఫీసు పన్నెండున్నరకి మూస్తారు."

సరాసరి ఆఫీసు లోపలికి వెళ్లారు. నేను చెట్టు కింద నిలబడ్డాను. తిరిగొచ్చి ఒకే మాట అన్నారు.

"పెట్టాను."

నేను రిక్షా పిలిచాను. "చిక్కడపల్లి," అన్నాను.

"ముందు బర్కత్‌పుర పోనీ," అన్నారు ఆయన రిక్షావాడితో. నాతో, "వాడి భార్యకి కబురు చెప్పాలి. ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది," అన్నారు.

ఎదురుచూసింది ఆవిడొక్కతే అన్నట్టు. ఇంటి ముందు రిక్షా ఆగగానే ఆయన దిగి లోపలికి వెళ్లారు. నన్ను రమ్మనడం కూడా మరిచిపోయారు. కిటికీ తెరిచి ఉంది. ఆవిడ నీళ్లిచ్చిన చప్పుడు, తరవాత ఆయన గొంతు. నాకు కాచిగూడ నుంచి ఒక్క మాట చెప్పిన మనిషి, అక్కడ వరసగా చెప్పుకుపోతున్నారు. మొదటిరోజు అశోక్‌నగర్ ఆయన బ్రేకు ఎక్కువ వదిలేశాడట. వెనకనుంచి హెచ్చరికగా పొట్టి కూతలు వినబడ్డాయట. తను అతని చెయ్యి మీద చెయ్యి వేసి నొక్కి పట్టారట. చీలిక దగ్గర ఆగారు గాని ఆగాల్సినంత ముందుగా ఆగలేదట. మూడోసారికి పైనుంచే పట్టుకుని దిగాడట. కింద స్టేషన్లో వెనక ఇంజను దిగి మీ ఆయన నడిచొచ్చి, చక్రాలు ఎంత వేడెక్కాయో వరసగా చేత్తో చూసి, ఇగ నువ్వు ఇంటికి పో అన్నా అన్నాడు, అని చెబుతున్నారు. ఆవిడ "ఔనా, ఔనా" అంటోంది.

రిక్షా టాపు మీద వాన చినుకులు పడుతున్నాయి, నేను లోపల కూర్చుని ఉన్నాను.

"అమ్మా, ఇంక ఎంతసేపు?" అన్నాడు రిక్షావాడు.

"ఉండు," అన్నాను. "ఆలస్యానికి ఇస్తాను."

దిగి లోపలికి వెళ్లాను. ఆవిడ గబగబా ఇంకో పీట వేసింది. ఆయన నన్ను చూసి మాట ఆపారు.

"మొదటినుంచి చెప్పండి," అన్నాను.

"విన్నావుగా బయటినుంచి."

"సగం విన్నాను. అందులో కూడా వాన చప్పుడు ఉంది. బండి ఎక్కిన దగ్గరనుంచి చెప్పండి, ఏదీ వదలకుండా."

"ఇంటికెళ్లాక చెబుతాలే."

"ఇక్కడే చెప్పండి. ఈవిడకి చెప్పినట్టే."

అతని భార్య నా వంకా ఆయన వంకా చూసి, చీర కొంగుతో నోరు మూసుకుంది. ఆయన గ్లాసు కింద పెట్టారు. కాసేపు నా మొహంలో ఏదో వెతుకుతున్నట్టు చూశారు. తరవాత పైన స్టేషన్లో ఒక్కో పెట్టె బ్రేకూ చూసుకుంటూ వానలో నడిచిన దగ్గర మొదలుపెట్టారు.