గాటు కోసి దూర్చిన కార్డు

మా బావకు తెలియని విషయం లేదు. అక్కను ఇచ్చిన కోరుట్ల నుంచి దుబాయ్ వెళ్లి, ఒక ఆఫీసులో నాలుగేళ్లు టీలు అందించి, నేల తుడిచి వచ్చాక, అక్కడి యంత్రాలన్నీ తానే నడిపినట్టు మాట్లాడేవాడు. నేల తుడవడాన్ని నేను చిన్నచూపు చూడను. తుడిచిన నేల గురించి ఒక్క ముక్క చెప్పకుండా, తనను ముట్టుకోనివ్వని కంప్యూటర్ల గురించి పొద్దంతా చెప్పడాన్నే చూస్తాను.

తంగళ్ళపల్లిలో మా వీధి సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోతున్న రోజులవి. ఆ మరమగ్గాల మీదే బతికిన అమ్మ, బాపు ఇక మగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండి పోవడం ఖాయమైంది. తేలవలసింది నా సంగతి. వాళ్ల వెంట వెళ్తే వంట చేయాలి, కండెలు చుట్టాలి, డిగ్రీ చివరి ఏడాది వదిలేయాలి. నాయనమ్మ దగ్గర ఉండిపోవాలంటే నా చేతిలో ఏదో ఒక పని ఉండాలి. జగిత్యాలలో ప్రెస్సు నడిపే ఒకాయన తెలుగు టైపింగు ఇస్తానన్నాడు. అయితే కాగితాలు నెట్టులోనే పంపుతాడు. సోమవారంకల్లా నాకు నెట్టు ఉండాలి, లేకపోతే పని వేరేవాళ్లకు పోతుంది.

ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది, కోరుట్లలో మూతపడిన ఒక శిక్షణ కేంద్రం నుంచి వచ్చింది. నెట్టు పెట్టె వచ్చింది, తీగ వచ్చింది. ఆ తీగ గుచ్చడానికి మాత్రం కంప్యూటర్లో చోటు లేదు. దానికి ఒక కార్డు కావాలి. కంప్యూటర్‌తో పాటు వచ్చిన మాన్యువల్‌ను, చదవడానికి కథల పుస్తకాలు అయిపోయినప్పుడు మొదలుపెట్టి రెండుసార్లు చదివాను. ఏ కార్డు పడుతుందో అందులో ఉంది. డైరీలో రాసుకుని, శనివారం పొద్దున జగిత్యాల బస్సుకు బయలుదేరబోతుంటే బావ దిగాడు.

తన దగ్గర అలాంటి కార్డే ఉందన్నాడు. దుబాయ్ ఆఫీసులో పెద్ద మిషన్‌లోంచి తీసి పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. బీరువాలో చీరల మధ్య దాచిన ఆ వస్తువును సంచిలోంచి తీసి, ప్రసాదంలా బాపు చేతిలో పెట్టాడు. చూడగానే నాకు తెలిసిపోయింది.

ఇది పెద్ద చదువేమీ కాదు. కార్డు కింది అంచున, బంగారు రంగు పళ్ల మధ్య, ఒక గాటు ఉంటుంది. దాన్ని గుచ్చే స్లాట్‌లో ఒక చిన్న గట్టు ఉంటుంది. గాటు గట్టు మీద కూర్చుంటే కార్డు దిగుతుంది, లేకపోతే ఆగుతుంది. ఆ గట్టును ఎవరో మతిలేక పెట్టలేదు. మా పాత స్లాట్ ఇచ్చే కరెంటు ఎక్కువ, ఆ కార్డు తట్టుకునేది తక్కువ. వాటిని కలవనివ్వకుండా ఉంచడమే ఆ గట్టు చేసే పని. బావ కార్డుకు గాటు రెండో కొసన ఉంది.

నేను చెప్పాను. ఒక్కసారి, గుమ్మం పక్కన నిలబడి, చెంగు కొసతో మాట్లాడినట్టు.

"బావా, గది దీనికి పట్టది. గాటు గా దిక్కున్నది."

"ఏం మర్దలా, నాకే నేర్పుతున్నవా? దుబాయ్ కంపెనీల నడిచిన కార్డిది. పట్టకుంటే పట్టిచ్చుకుంటం."

బాపు నవ్వాడు. అల్లుడు ఇంటికొచ్చి ఒక మాట అంటే మా ఇంట్లో దానికి అవతల ఇంకో మాట ఉండదు. మరమ్మతు మనిషిని పిలవమన్నాడు.

వచ్చింది మా వీధి సాంచాల మెకానిక్ కాక. మా ఊళ్లో సాంచాలన్నీ ఎక్కడెక్కడో వాడి వదిలేసినవి. దేని ముక్క దేనికీ సరిపోదు. సరిపోనిదాన్ని ఆకురాయితో రాకి సరిపోయేలా చేయడమే ఇక్కడి విద్య. ఇనుముకు అది గొప్ప విద్యే, కాదనను. కానీ లోకమంతా ఇనుమేననుకునే మగవాళ్లు ముగ్గురు మా అరుగు మీద కూర్చున్నారు.

కాక కార్డును మోకాళ్ల మధ్య పట్టుకుని, స్లాట్‌తో కొలిచి, గోరుతో గీత గీశాడు. చిన్న ఆకురాయి పళ్ల మీద ఆడించాడు. బంగారు పొడి లుంగీ మీద రాలింది. బావ "ఇంక జర" అంటూ పక్కనుంచి పురమాయించాడు. కొత్త గాటు ఎంత నీటుగా వచ్చిందో! పనితనం అంటే అదే. కార్డు టక్కున దిగింది. తోక కొంచెం స్లాట్ బయట వేలాడింది. అది పెద్ద కార్డుల లక్షణమని బావ బాపుకు వివరించాడు.

స్విచ్ వేశారు. లోపలి ఫ్యాన్ సగం తిరిగి ఆగింది. కాలిన వాసన వచ్చింది. కార్డు పీకేసి మళ్లీ స్విచ్ వేశారు. ఇక ఏమీ తిరగలేదు. కార్డుతో పాటు కంప్యూటరూ పోయింది.

బావ కాసేపు పెట్టెను తట్టి చూశాడు. ఆ తర్వాత తీర్పు చెప్పాడు. "మీ దిక్కు కరెంటు మంచిగ లేదు మామా." బాపు అవునని తలూపాడు. కాలిన కార్డును బావ మళ్లీ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు, వేరే సిస్టంలో పనికొస్తుందట.

కాక ఒక్కడే నా వైపు చూశాడు. ఆకురాయి లుంగీకి తుడుచుకుంటూ, "నాకు ఎరుక లేకపాయె బిడ్డా. నీకు ఎరుకున్నది. జర గట్టిగ చెప్పొద్దా మరి?" అన్నాడు.

ఆ మాటతో బావ మీద ఉన్న ఏవగింపులో సగం నా మీదకే తిరిగింది. ఎందుకు ఊరుకున్నానని అడిగితే పెద్దల మీద గౌరవమని చెప్పేదాన్ని. అది గౌరవం కాదు. నేను ఎవరిని గౌరవించలేదో నాకు బాగా తెలుసు.

సోమవారం ప్రెస్సు ఆయనకు ఫోన్ చేసి కుదరదన్నాను. ఆయన సరేనన్నాడు, ఎందుకని అడగలేదు.

సిరిసిల్లలో భీవండి బస్సు ఎక్కిన రోజు బావ సాగనంపడానికి వచ్చాడు. పైన సామాన్లు ఎట్లా కట్టాలో క్లీనరుకు నేర్పుతున్నాడు. బయలుదేరేముందు నాయనమ్మకు, అక్కకు, సాంచాల కాకకు పోయొస్తానని చెప్పాను. బావ తన వంతు కోసం ఎదురుగా నిలబడి చూశాడు. ఆయనకు చెప్పలేదు. మా ఇంట్లో నేను చేసిన మొదటి అమర్యాద అది, ఐదు రోజులు ఆలస్యంగా చేశాను.