నాప్లా భుజంలో ఇనుము

గుట్టల లోపల ఉండే, మనుషులు కానివాళ్ళని మా కొన్నెమారా తీరంలో పేరు పెట్టి పిలవం. ‘మంచివాళ్ళు’ అంటాం. భయం కొద్దీ అనడమే గానీ, వాళ్ళలో మంచితనం ఏడ్చిందా! నాప్లా సంగతి చూశాక ఆ మాటకి నాకు నోరు రాదు.

నాప్లాది మా పక్కిల్లే. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. మొగుడు టైగ్ ఓ రోజు తాగొచ్చి కొడవలితో కొట్టాడు. కొడవలి మొన విరిగి ఆవిడ కుడి భుజంలో ఉండిపోయింది. మరుసటి చలికాలం సముద్రం వాణ్ణి మింగింది. పీడా పోయిందనుకున్నాం. మొన మాత్రం పోలేదు. ఆ భుజంతోనే ఆవిడ పడవ లాగేది, బంగాళాదుంపలు తవ్వేది. ఎవరైనా జాలిపడితే మీదపడి కరిచినంత పని చేసేది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ముళ్ళచెట్టు దగ్గర మేకలు కాస్తుంటే గుట్టలోవాడు ఒకడు వచ్చి మాట్లాడుతున్నాడట.

“ఎలా ఉంటాడేంటి?” అన్నాను.

“నే చెప్పేది చివరిదాకా వింటాడే ఊనా. పుట్టి బుద్ధెరిగాక అలా విన్న మగాణ్ణి చూళ్ళేదు.”

“ముట్టుకున్నాడా?”

“ఎక్కడే! దగ్గరకొస్తే నాలో ఉన్న ఇనుము వాణ్ణి కాలుస్తుంది. అది తీయించుకుంటే గుట్టలోకి తీసుకెళ్తానన్నాడు. అక్కడ నొప్పులుండవట, ముసలితనం ఉండదట.”

“నీకేమైనా మతి పోయిందా అక్కా? వాళ్ళ నుంచి నిన్ను కాపాడేది ఆ ఇనుమే.”

“ఇన్నాళ్ళూ కాపాడి ఏం ఉద్ధరించిందే?”

చివరికి కమ్మరి కొలిమికి నేనే తోడు వెళ్ళాను.

కమ్మరి ఫెస్టీ ఓ పట్టాన ఒప్పుకోలేదు. “నరం తెగితే చెయ్యి మళ్ళీ పైకి లేవదమ్మా. నేను గుర్రాలకి నాడాలు కొట్టేవాణ్ణి, వైద్యుణ్ణి కాను.”

“గుర్రాన్నే అనుకో. కానియ్.”

నేను ఆవిణ్ణి గట్టిగా పట్టుకున్నాను. తోలుపట్టీ కొరికింది గానీ అరవలేదు. మొన బయటికొచ్చింది. ఆ చెయ్యి అప్పుడు వాలిపోయింది, మళ్ళీ లేవలేదు.

గుట్టలు తెరుచుకునే పండగ సాయంత్రం పెళ్ళినాటి శాలువా కప్పుకుని వెళ్ళింది. కంచెదాకా సాగనంపి ఏడ్చుకుంటూ తిరిగొచ్చాను. ఇంక చూడననుకున్నాను. పొయ్యి మీద దుంపలు ఉడికేలోపే తలుపు తోసుకుని వచ్చేసింది.

“ఏమైందక్కా?”

“మొదటిసారి దగ్గరకొచ్చాడు. భుజం మీద చెయ్యేశాడు. శాలువా జారింది, మచ్చ చూశాడు.” నవ్వింది. ఆ నవ్వు వినలేకపోయాను. “మచ్చలున్నవాళ్ళని లోపలికి రానివ్వరట. ఆ సంగతి ముందు తట్టలేదట.”

“వాడి మొహం మండ!”

“మండించే వచ్చాను.” కొడవలి మొన తీసి బల్ల మీద పెట్టింది. “వెళ్తూ ముళ్ళచెట్టు కింద పారేశాను, అదే తీసి వాడి చెంపకి అదిమాను. ఇప్పుడు వాడికీ మచ్చే. గుట్ట వాడి మొహానే మూసుకుంది.”

మర్నాడు వాడు ఆవిడ గుమ్మం ముందుకొచ్చి, తనకిప్పుడు ఎవరూ లేరని, రానివ్వమని బతిమాలాడు. ఆవిడ నన్ను పిలిచి, “ఈ మొన గుమ్మం పైన దిగ్గొట్టవే, నాకు అందదు,” అంది. కసితీరా కొట్టాను.

ఆ తర్వాత వాడు ఏళ్ళ తరబడి ముళ్ళచెట్టు కింద వానలో నిలబడ్డాడు. “మీ ఆయన తడుస్తున్నాడే నాప్లా!” అని ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

“తడవనీ. కరిగిపోవడానికి ఉప్పా?” అనేసి తల తిప్పకుండా వెళ్ళిపోయేది. ఎంత గట్టి మనిషో అని మురిసిపోయేదాన్ని.

ముసలిదై మంచం పట్టింది. ఓ సాయంత్రం పాలు తీసుకెళ్తే, కళ్ళు గుమ్మం మీదే పెట్టుకుని అంది: “అది పీకెయ్యవే ఊనా.”

“ఏదీ?”

“తెలిసీ అడుగుతావేం? ఎన్నిసార్లు నేనే తీద్దామనుకున్నానో. చెయ్యి లేస్తేగా!”

“నన్నడగొచ్చుగా అక్కా!”

“సిగ్గేసింది,” అని గోడవైపు తిరిగిపోయింది.

మొన పీకి సముద్రంలో విసిరేశాను. పొద్దున్నే వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. నాప్లా ఒళ్ళు చల్లబడిపోయింది. పొయ్యి ముందు బూడిదలో తడికాళ్ళ గుర్తులు మంచందాకా వచ్చి, వెనక్కి వెళ్ళాయి. శాలువాని ఎవరో ఆవిడ భుజం మీదికి లాగి, మచ్చ కనబడకుండా పొందికగా సర్దారు.

ఆవిడ పోయాక కూడా వాడికి ఆ మచ్చే అడ్డమొచ్చింది! శాలువా లాగి పొయ్యిలో పారేశాను. మచ్చ అందరికీ కనబడేలాగే ఆవిణ్ణి శవపెట్టెలో పడుకోబెట్టాను.