తెగిన తీగ మీద వచ్చిన జవాబు

బుజ్జీ, ముందు ఈ మాట రాయి. మీ అవ్వకి దయ్యాల మీద ఒక్క పూట కూడా నమ్మకం లేదు. చిన్నప్పుడు శ్మశానం పక్క దారినే బడికి పోయినదాన్ని. పెళ్లయిన కొత్తలో గాలి సోకిందని మా అత్తగారు తాయెత్తు కట్టబోతే, లాక్కుని పొయ్యిలో పడేసినదాన్ని. రాశావా? ఇక చెప్పేది విను.

డెబ్భైల చివర్లో నేను ఆత్మకూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. ఇప్పుడు నీ చేతిలో ఫోను రాత్రీ పగలూ పలుకుతూనే ఉంటుంది. అప్పట్లో అలా కాదు. నెల్లూరు లైను ఒక మాదిరిగా పలికేది. ఉదయగిరి లైను మాత్రం దాని ఇష్టం. గాలి వీస్తే పోయేది, వాన పడితే పోయేది, ఏమీ లేకపోయినా పోయేది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు పలికితే అదే గొప్ప.

అందుకని ఉదయగిరికి పోవాల్సిన టెలిగ్రాములన్నీ నా బోర్డు పక్కన చెక్క గూట్లో ఆగి ఉండేవి. మధ్యమధ్యలో హ్యాండిల్ తిప్పి చూసేదాన్ని. అవతల పలికారంటే, లైను మళ్లీ పోయే లోపల గబగబా చదివేసేదాన్ని. చావు కబురుంటే అది ముందు. జబ్బు కబుర్లు దాని తర్వాత. పెళ్లి శుభాకాంక్షలు అన్నిటికంటే ఆఖరున. అటునుంచి చెప్పేవి కూడా అప్పుడే రాసుకుని నెల్లూరుకి అందించేదాన్ని.

దీనికొక పద్ధతి ఉంది. నేను చదివింది అవతలి మనిషి మాట పొల్లు పోకుండా తిరిగి నాకు చదివి వినిపించాలి. చివర 'అందింది' అని తన పేరు చెప్పాలి. అలా చెప్పేదాకా కాగితం గూట్లోంచి తీయకూడదు. మధ్యలో లైను పోతే మళ్లీ మొదటి నుంచి. 'అందింది' అన్నాక ఇక ఆ కాగితంతో మనకు పని లేదు. అసలు లైనే రాకపోతే కాగితాలన్నీ సంచిలో పెట్టి ఉదయగిరి బస్సుకి ఇచ్చేవాళ్లం. అంతే పద్ధతి.

ఉదయగిరి పోస్టాఫీసులో ఫోను దగ్గర కూర్చునేది మస్తాన్. సాయిబుల పిల్లోడు, నాకంటే చిన్నవాడు. మనిషిని ఒకటి రెండు సార్లు చూశానేమో. గొంతు మాత్రం మా ఇంట్లోవాళ్ల గొంతుకంటే ఎక్కువ విన్నాను. లైను కలవగానే మొదటి మాట ఒకటే.

"బతికే ఉండామక్కా!"

"నువ్వు బతికి ఏం లాభంరా, నీ లైను చచ్చిపాయ గదా నిన్నంతా!"

"లైనుదేముందక్కా, నిన్ను చూసి భయపడి ఉంటది."

మాటకీ మాటకీ మధ్య చిన్న బీడీ దగ్గు. తిరిగి చదివేటప్పుడు ఒక్కో మాటకీ పెన్సిలుతో బల్ల మీద టక్కుమని కొట్టేవాడు. నాకు ఆ చప్పుడు కూడా వినపడేది. వాడి వెనక ఎప్పుడూ పోస్టాఫీసు సందడి, ముద్రలు కొట్టే మోత, ఎవరో ఒకరు మనియార్డరు కోసం అరవడం.

మస్తాన్ భార్య షమీమ్. తొలి కాన్పుకి నెల్లూరులో పుట్టింటికి పోయింది. ఆ పుట్టింటివాళ్లకి మస్తాన్ అంటే మొదటినుంచీ చులకన. పెళ్లి భోజనాల దగ్గరే బావమరిది అన్నాడంట, "మా చెల్లిని తీగలు పట్టుకుని యాలాడేవోడికి ఇచ్చినాం, ఈడు దాన్నేం పట్టుకుంటాడు" అని. మస్తానే నవ్వుతూ చెప్పాడు నాకు. నవ్వాడు గానీ ఆ మాట మరిచిపోలేదు.

కాన్పు రోజులు దగ్గర పడ్డాక లైను కలిస్తే చాలు, "నాదేమన్నా ఉండాదా అక్కా?" అని అడిగేవాడు.

"ఉంటే నీకు చెప్పకుండా నేను తింటానా? మూసుకుని రాసుకో."

ఒకరోజు మధ్యాహ్నం పెద్ద గాలి లేచింది. ఎండాకాలపు గాలి, దుమ్ము తప్ప చినుకు లేదు. దాంతో ఉదయగిరి లైను పోయింది. తెల్లవారినా రాలేదు. నేను డ్యూటీ ఎక్కి హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాను. చెవిలో కనీసం గరగర కూడా లేదు, రాయికి చెవి ఆనించినట్టు ఉంది.

అప్పుడు నెల్లూరు నుంచి టెలిగ్రాము చదివారు. మస్తాన్ పేరుకి. షమీమ్ చనిపోయింది, ఆడబిడ్డ క్షేమం, వెంటనే బయల్దేరు, మట్టి చేసేది సాయంత్రం.

ఆ మాటలు నేను తిరిగి చదివి, 'అందింది' అని నా పేరు చెప్పాలి కదా. చెప్పాను. కాగితం గూట్లో అన్నిటికంటే పైన పెట్టాను.

వాళ్లలో శవాన్ని ఎక్కువసేపు ఉంచరు. మస్తాన్ చివరి చూపు చూసుకోవాలంటే కబురు పూట లోపల చేరాలి. మా సూపర్‌వైజరు వచ్చి, "లైను రాకపోతే మధ్యాహ్నం బస్సుకి పంపించు" అన్నాడు. మధ్యాహ్నం బస్సులో కబురు పోతే, వాడు తిరిగి నెల్లూరు చేరేసరికి ఏముంటుంది? నేను చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పాను.

ఒకసారి తిప్పేసరికి పలికింది.

"బతికే ఉండామక్కా."

నాకు ప్రాణం లేచొచ్చింది, మరుక్షణం కుంగిపోయింది. ఏం చెప్పాలి? అక్కగా ఏడ్చి చెప్పాలా, ఆపరేటరుగా చదవాలా? లైను ఎప్పుడు పోతుందో తెలియదు. చదివేశాను.

అవతలి గొంతు తిరిగి చదివింది. షమీమ్ చనిపోయింది, టక్కు. ఆడబిడ్డ క్షేమం, టక్కు. ఎవరో ఊరూ పేరూ లేని మనిషి టెలిగ్రాము చదివినట్టు చదివాడు. మధ్యలో అదే దగ్గు. చివర, "అందింది, మస్తాన్."

వెనక మాత్రం పోస్టాఫీసు సందడి లేదు. ఆ సంగతి నాకు తర్వాత తట్టింది.

"మస్తానూ, ఉన్నపళంగా బస్సెక్కరా నాయనా" అన్నాను.

"జవాబు రాసుకో అక్కా. రాలేను. నా కోసం ఆగొద్దు. మట్టి చేసేయండి. మస్తాన్."

"ఏందిరా నువ్వు చెప్పేది? ముఖం చూసుకోవా?"

"చూసి ఏం చేసేది? రాసుకో."

రాసుకున్నాను. తిరిగి చదివి వినిపించాను. "సరిగ్గా ఉండాది" అన్నాడు. అంతే, చెవిలో మళ్లీ రాయి. నేను ఆ జవాబు నెల్లూరుకి అందించాను. నెల్లూరువాళ్లు తిరిగి చదివి 'అందింది' అన్నారు. మస్తాన్ టెలిగ్రాము గూట్లోంచి తీసేశాను. ఇంకేం ఉంది, 'అందింది' అన్నాక పని లేదన్నానుగా.

వాడి మీద అసహ్యంతో నా ఒళ్లు మండిపోతూ ఉంది. అప్పుడు మా ఆఫీసు వాకిట్లో మస్తాన్ నిలబడ్డాడు.

చొక్కా నిండా బస్సు దుమ్ము. చేతిలో గుడ్డ సంచి. నవ్వుతూ ఉన్నాడు.

"బస్సు టీకి ఆగిందక్కా, పరిగెత్తుకుంటా వచ్చినా. నాదేమన్నా ఉండాదా?"

నా నోరు ఆగలేదు. "ఏం మొఖం పెట్టుకుని వచ్చినావురా? నువ్వు లేకుండానే పెళ్లాన్ని మట్టిలో పెట్టమని చెప్పి, ఇప్పుడు నవ్వుకుంటా వచ్చినావా?"

వాడి నవ్వు వెంటనే పోలేదు. నేను ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. "ఎవురి పెళ్లాన్నక్కా?" అన్నాడు.

షమీమ్ చనిపోయిందని మస్తాన్‌కి తెలిసింది అలా. సంచి కింద పడి, అందులోంచి పసిపిల్లల చొక్కా ఒకటి బయటికొచ్చింది.

లైను లేదని తోచక, షమీమ్‌ని చూసి వద్దామని సెలవు పెట్టి పొద్దున్నే ఉదయగిరిలో నెల్లూరు బస్సెక్కాడంట. కండక్టరుని అడిగాము. "ఎక్కినకాడ్నించి నా ముందు సీట్లోనే ఉండాడమ్మా, ఒక్కసారి కూడా దిగలేదు" అన్నాడు. మరి నేను మాట్లాడింది ఎవరితో? అది ఆలోచించే తీరిక అప్పుడు లేదు. ఆగండి, మస్తాన్ వస్తున్నాడు అని వెంటనే నెల్లూరుకి టెలిగ్రాము ఇచ్చాను. వాడు అదే బస్సులో పోయాడు.

రెండో టెలిగ్రాము తీసుకుని మనిషి వెళ్లేసరికి షమీమ్ పుట్టింటికి తాళం వేసి ఉంది. రాలేనన్న మొదటిది అందగానే, వచ్చేవాడే లేడు ఇంకెవరి కోసం అని, సాయంత్రం దాకా కూడా ఆగకుండా తీసుకుపోయారు.

మస్తాన్ చేరేసరికి మట్టి కప్పి అందరూ వెనక్కి వస్తున్నారంట. బావమరిది ఆ టెలిగ్రాము వాడి మొహాన కొట్టాడు. "ఇది నీ మాట కాదా? చదువు, గట్టిగా చదువు" అని నలుగురి ముందూ చదివించాడు. వాడు చదివాడు. తను పంపలేదని ఎంత మొత్తుకున్నా, "మీ ఆఫీసు మనిషే పంపింది గదా, నీ గొంతు ఆమెకు తెలీదా?" అన్నారు. బిడ్డని చూపించమంటే తలుపేసుకున్నారు. "మట్టెయ్యను రానోడికి బిడ్డెందుకు?" అన్నారంట. నేను, మా సూపర్‌వైజరు వెళ్లి చెప్పినా వినలేదు. మాతోపాటు వాకిట్లో నిలబడ్డ మస్తాన్‌కి లోపల బిడ్డ ఏడుపు మాత్రం వినిపించింది.

తర్వాత లైన్‌మెన్ వెళ్లి చూశారు. ఆ గాలి రోజునే ఎవరో దొంగలు తీగ కోసుకుపోయారు. ఆత్మకూరు దాటిన కాసేపటికే తీగ తెగి కంపచెట్లలో పడి ఉంది. అక్కడినుంచి చాలా దూరం ఉత్త స్తంభాలే. అంటే నా చెవి దగ్గర మొదలైన తీగ ఆ కంపల్లో అయిపోయింది. ఆ పక్కన ఇల్లు లేదు, గొడ్లచావిడి కూడా లేదు.

తీగ దొంగల్లో ఎవడో ఆ కొసకి ఫోను తగిలించి ఆటలాడాడని మా సూపర్‌వైజరు తేల్చాడు. కావచ్చు. కానీ దొంగకి మస్తాన్ దగ్గు ఎలా తెలుసు? ఆ పలకరింపు? ఆ పెన్సిలు టక్కు? పోనీ అవన్నీ నేర్చుకున్నాడే అనుకో, ఒక మనిషిని అంత నాశనం చేసి వాడికి వచ్చిందేమిటి?

మస్తాన్ ఆ తర్వాత ఫోను ముట్టలేదు. బతిమాలుకుని ఉత్తరాలు వేరుచేసే పనికి మారాడు. ఒక్కసారి ఆత్మకూరు వచ్చి నన్ను అడిగాడు, ఆ గొంతు ఏమేం చెప్పిందో వరసగా చెప్పమని. చెప్పాను. "ఇంకోసారి చెప్పక్కా" అన్నాడు. మళ్లీ చెప్పాను. లేచి వెళ్లిపోయాడు.

ఎనభైల చివర్లో, మీ అమ్మకి పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజుల్లో, ఒకరోజు మధ్యాహ్నం ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. స్కూలు డ్రెస్సు మీదే ఉంది. పేరు నూర్జహాన్ అంది. షమీమ్ కూతురు. మామకి చెప్పకుండా నెల్లూరు నుంచి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. "మా నాయన దగ్గరికి పోతున్నా, పోయేముందు ఒక్క మాట నిన్ను అడగాల" అంది.

"ఆ మాట మా నాయన చెప్పలా గదా అవ్వా?"

"మీ నాయన అప్పుడు బస్సులో ఉండాడమ్మా. నేను ఎవురి ముందైనా చెప్తాను."

"మరి గొంతు ఎవురిది?"

నేను లేచి మంచినీళ్లు తెచ్చి దాని ముందు పెట్టాను.

"మా నాయనది కాదని చెప్పవ్వా. అది చాలు నాకు."

బుజ్జీ, ఇది జాగ్రత్తగా రాయి. అప్పటికి ఏళ్ల తరబడి నాలో నేను ఆ గొంతుని తిరగేసి చూసుకున్నాను. ఎక్కడైనా తేడా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. బస్సులో కూర్చున్న మనిషి, తెగిన తీగ కొసన ఎలా పలికాడో, పలికి అంత పాపిష్టి మాట ఎందుకు అన్నాడో నాకు తెలియదు.

"గొంతు మీ నాయనదేనమ్మా" అన్నాను.

ఆ పిల్ల నేనిచ్చిన మంచినీళ్లు ముట్టకుండా లేచింది. బస్టాండు దాకా వెంట పోయాను. ఉదయగిరి బస్సు తలుపు దగ్గర కండక్టరు కేకలు వేస్తున్నాడు. ఆ పిల్ల దాని పక్కనుంచే నడిచిపోయి, నెల్లూరు బస్సెక్కి కూర్చుంది.