సంతరోజు చూసిన ఊరు

పాడేరు ఆఫీసులో మా సీనియర్‌కు కంప్యూటర్ మానిటర్‌ను మొట్టడం అలవాటు. పేరు చప్పున దొరకాలని రేషన్‌కార్డుల టేబుల్‌కు ఇండెక్స్ పెట్టి ఎన్నిసార్లు టెస్ట్ చేసినా, ఎలా వెతకాలో తేల్చే డేటాబేస్ ప్లానర్ దాన్ని వదిలేసి టేబులంతా చదివేది. ఒక్క పేరు దొరికేలోపు జనానికి ఊరెళ్ళే జీపు తప్పిపోయేది.

“ప్లానర్ చూసే లెక్కలు, ఆ స్టాటిస్టిక్స్, టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడు తీసినవి సార్! ప్లానర్ ఇంకా ఖాళీ అనే అనుకుంటోంది. మళ్ళీ తీయండి,” అని మొత్తుకునేదాన్ని.

“ఓపాలి తీసాం కదేటమ్మా!” అంటూ మరో మొట్టికాయ.

ఒకసారి ఇద్దరం క్యాంపుకెళ్తుంటే ఒక గూడెం దగ్గర ఆయన జీపు ఆపించారు. “ఇక్కడ జనం ఉండరమ్మా. నేనొచ్చి సూసాను.”

అరుగు మీద చోళ్లు చెరుగుతున్న అవ్వ తలెత్తింది. “సంతరోజు వచ్చుంటావు బాబూ. అందరం సంతకెల్లిపోతాం.”

“అదా సంగతి! ఇంకోపాలి సూడాలన్నమాట,” అని ఆయన తెగ నవ్వారు. హమ్మయ్య, ఇప్పటికైనా తెలిసింది అనుకున్నాను.

మర్నాడు ఆఫీసుకు రాగానే మానిటర్‌ను మొట్టారు. “దీనికి ఇండెక్స్ కనబడదేటమ్మా?”