దెయ్యం పాటలు పాడిన క్వార్టరు

నేను రిటైర్ కావడానికి ముందు ఏడాది, ఫిబ్రవరి మొదటి వారంలో, రెండు రోజుల షెడ్యూలు మీద మా సీరియల్ యూనిట్‌తో హైదరాబాద్ నుంచి ఖరగ్‌పూర్ వెళ్లాను. నా హోదా కో-డైరెక్టర్. దర్శకుడి తర్వాతి స్థానం అది. ఏ సీను ఏ ఇంట్లో, ఏ గంటకు, ఎవరితో తీయాలో కాగితం మీద పెట్టి, దాని ప్రకారం పని నడిచేలా చూడటం ఆ ఉద్యోగం. అంతకుముందు పదకొండేళ్లు ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా ఉన్నాను. చేతికి వచ్చిన కాగితాన్ని చివరి పంక్తి దాకా చదవడం అక్కడ అలవాటైంది. కనీసం అలా అనుకునేదాన్ని.

మాది దెయ్యం సీరియల్. రైల్వే కాలనీలో చనిపోయిన ఒక తెలుగావిడ తన క్వార్టరు వదిలి పోలేక, తర్వాత చేరిన కుటుంబాల మధ్య తిరుగుతుంటుంది. సెట్లో నడుస్తున్న ఆ కథను ఒక్కసారి అసలైన క్వార్టరుకు తీసుకెళ్లి, ఆ ఒక్క ఎపిసోడ్ మొత్తం పాటలతో నడపమని ఛానల్ కోరింది. దెయ్యం పాడుతుంది, ఇంట్లోవాళ్లు పాటలోనే జవాబు చెబుతారు. మాట అన్నదే ఉండదు.

మామూలు ఎపిసోడ్‌కు షూటింగ్‌లో మాటలు గట్టిగా చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో డబ్బింగ్ ఉంటుంది. పాట అలా కాదు. ముందే రికార్డు చేసిన పాటను స్పీకర్లో పెడతాం. నటులు అది వింటూ పెదవులు కలుపుతారు. మూడు గదుల్లో తిరుగుతూ పాడాలంటే మూడు గదులకూ వినపడేంత గట్టిగా పెట్టాలి. ఈ తేడా నాకు తెలుసు. దానివల్ల ఏం జరుగుతుందో మాత్రం ఆలోచించలేదు.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పాత భాగంలో మాకు దొరికిన ఇల్లు పైడిరాజు గారిది. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, వెనక చిన్న పెరడు. ఆయన భార్య రమణమ్మ మా సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా వదలని మనిషి. ఇల్లు అడగడానికి వెళ్తే ఆవిడే ముందు ఒప్పుకుంది.

“దెయ్యమొస్తాదంటే ఒద్దంటానేటప్పా? మా అత్తతో పాతికేళ్లు కాపరం సేసినాను. దీనికేటి బయం?”

పైడిరాజు గారు మాత్రం ఒకే ప్రశ్న అడిగారు, రైల్వే పర్మిషన్ ఉందా అని. ఉందని మా ప్రొడక్షన్ మేనేజర్ చెప్పాడు. ఆ కాగితం నా ఫైల్లోనే ఉంది. రైల్వే స్టాంపు, అధికారి సంతకం చూసి, నా జాబితాలో ‘అనుమతి’ అన్నచోట టిక్కు పెట్టాను. చదవలేదు.

మొదటి రోజు పాటలు లేని షాట్లు తీశాం. తలుపు దానంతటదే తెరుచుకోవడం, పొయ్యి మీద గిన్నె ఊగడం, అలాంటివి. వీధిలోవాళ్లకు మేము లోపల ఉన్నట్టే తెలియలేదు. రెండో రోజు ఉదయం స్పీకర్ పెట్టాం. దెయ్యం పాత్ర వేసే అమ్మాయి వంటింట్లోంచి పాడుతూ వచ్చింది. మొదటి చరణం అయ్యేసరికి పెరటి గోడ మీద పదిమంది పిల్లలు, గుమ్మం దగ్గర పక్కింటి బెంగాలీ దీదీ, ఆవిడ వెనక ఆవిడ తోడికోడళ్లు. సంతోషంగానే ఉంది అందరికీ.

మధ్యాహ్నం భోజనానికి పైడిరాజు గారు సైకిల్ మీద వచ్చారు. పాట ఆయనకు వీధి మొదట్లోనే వినపడిందట. సైకిల్ గోడకు చేర్చకుండానే లోపలికి వచ్చారు.

“ఇదేటి మేడమ్? నిన్న మూగ సినిమాలాగ తీసినారు కదా. ఇయాల మైకు పెట్టినారేటి? ఆ కాగితం ఓపాలి సూపించండి.”

తీసిచ్చాను. ఆయన చదివి, ఒక వాక్యం మీద వేలు పెట్టి నాకు తిరిగి ఇచ్చారు. కాలనీ వీధుల్లో, ఆటస్థలంలో చిత్రీకరణకు అనుమతి. క్వార్టర్ల లోపల కాదు.

ఆయనకు కేటాయించిన ఇంట్లో వ్యాపారం కోసం బయటివాళ్లను పెట్టుకుంటే, ఇల్లు అద్దెకిచ్చినట్టే లెక్క కడతారు. కేటాయింపు రద్దవుతుంది. ఆయనకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. ఊళ్లో వేరే ఇల్లు లేదు. ఇందా అనే పేట వైపు కొన్న స్థలంలో పునాది దాకానే కట్టారు.

“మీరు ఉందన్నారనే ఇచ్చినాను,” అన్నారు. కోపంగా అన్నా బాగుండేది.

దర్శకుడు రెండు చరణాలే మిగిలాయన్నాడు. ప్రసారానికి ఆరు రోజులుంది. అప్పుడు నేను ఆపి ఉండాలి. ఆపలేదు. చప్పుడు బయటికి పోనివ్వమని పైడిరాజు గారిని ఒప్పించాను. ఆ అమ్మాయి విగ్గు కింద తీగలేని ఇయర్‌ఫోన్ పెట్టించి, పాట ఆమె ఒక్కదానికే వినపడేలా చేశాను. అందులో పాట రెప్పపాటు ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు. స్పీకర్ కట్టేశాం. కిటికీలు వేశాం. ఆమె పెదవులు ఆడుతున్నాయి, చేతులు చాస్తోంది, ఇంట్లో మాత్రం సీలింగ్ ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. కెమెరా అసిస్టెంట్ గొంతు సవరించుకుంటే అందరం ఉలిక్కిపడ్డాం.

“పాటున్నప్పుడు బయమెయ్యనేదు,” అని రమణమ్మ నా చెవిలో అంది. “ఇప్పుడేస్తంది.”

రెండో షాట్ మధ్యలో తలుపు తట్టారు. కాలనీ ఇన్‌స్పెక్టర్. బెంగాలీ ఆయన, పైడిరాజు గారికి చాలాకాలంగా తెలిసినవాడు. ఉదయం పాట రెండు వీధుల అవతలికి వెళ్లిందట. పైడిరాజు గారు తలుపు సగమే తీసి నిలబడ్డారు. ఆయన భుజం మీదుగా లోపల తెల్లచీర, సున్నం రాసినట్టున్న మొహం, కళ్ల కింద నల్లరంగుతో మా నటి కదలకుండా నిలబడి కనపడుతోంది.

“రాజు దా, యే కౌన్ హై?” అన్నాడాయన, రాజన్నా, ఈవిడెవరని.

రమణమ్మ ముందుకొచ్చి, తన తోడికోడలనీ, పలాస నుంచి వచ్చిందనీ, ఒంట్లో బాగోలేదనీ హిందీలో చెప్పింది. ఇన్‌స్పెక్టర్ ఆ అమ్మాయిని మరోసారి చూసి, బాగోలేదన్న సంగతి కనపడుతూనే ఉందన్నాడు. నవ్వలేదు.

ఇంకొక్క అబద్ధం చేరితే ఆ ఇంటివాళ్లు తప్పుకు తోడు దాచినందుకు కూడా దొరికిపోతారని నాకు అప్పుడు అర్థమైంది. గదిలోంచి బయటికి వచ్చాను. మేము సీరియల్ వాళ్లమనీ, ఇంటికి కూడా అనుమతి ఉందని పైడిరాజు గారికి చెప్పింది మేమేననీ, కాగితం చదవకుండా యూనిట్‌ను లోపలికి తెచ్చింది నేననీ చెప్పాను. నోటితో చెబితే చాలదు, రాసివ్వమన్నాడు. అక్కడే, రమణమ్మ వంటింటి గట్టు మీద, ఒక పేజీ రాసి హోదాతో సహా సంతకం పెట్టాను. అనుమతి లేదని తెలిశాక స్పీకర్ కట్టేసి మళ్లీ తీసిన సంగతి కూడా రాశాను. అది చదివి పైడిరాజు గారు తల అటు తిప్పుకున్నారు.

మిగిలిన చరణం వీధిలో, అనుమతి ఉన్న చోట, స్పీకర్ పెట్టే తీశాం. ఇల్లు దాటని దెయ్యం వీధిలోకి ఎందుకొచ్చిందో చెప్పడానికి రచయిత ఫోన్లో రెండు పంక్తులు మార్చాడు. ఎపిసోడ్ సమయానికే వెళ్లింది. బాగుందన్నారు.

పైడిరాజు గారికి నోటీసు వారంలో అందింది. సంజాయిషీ, దానిమీద విచారణ. మూడు నెలలు పట్టింది. ఖాళీ చేయమంటే ఆలస్యం కాకూడదని రమణమ్మ సామాను సగం గోనెల్లో కట్టిందనీ, సీరియల్ చూడటం మానేసిందనీ పక్కింటి దీదీ మా మేనేజర్‌కు చెప్పింది. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ పైడిరాజు గారు మర్యాదగా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవారు. చివరికి ఒకరోజు ఆయనే చేశారు.

“క్వార్టరు ఉండనిచ్చినారు మేడమ్. సర్వీసు రికార్డులో వార్నింగ్ రాసినారు. మీరు రాసిచ్చిన కాగితం సూసినారంట. మంచిదే.” ఫోన్ పెట్టేసేముందు, “మరింక మా ఇంటికి రాకండి,” అన్నారు.

వెళ్లలేదు.

ఉద్యోగంలో మిగిలిన ఏడాది ఒక పద్ధతి పెట్టుకున్నాను. లైట్లు వ్యాన్లోంచి దించకముందే, అనుమతి కాగితాన్ని ఇంటి యజమాని ముందు కూర్చుని మొత్తం పైకి చదివేదాన్ని. ఎంత చప్పుడవుతుందో, ఎవరికి వినపడుతుందో కూడా చెప్పేదాన్ని. అది విన్నాక ఇద్దరు మా ఇల్లు వద్దన్నారు. వాళ్లను ఒప్పించే ప్రయత్నం చేయలేదు.