నీళ్లడుగున నాయిన చెయ్యి

ఇంద్రేశంలో మా పొలం లేఅవుట్‌కి అమ్మేశాం. సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ తిట్టే హక్కు నాకు లేదు. అయినా ఆ దారిన పోయినప్పుడల్లా తిట్టుకుంటూనే ఉంటాను. ప్లాట్లకు హద్దురాళ్లు పాతేశారు. మిగిలింది బావి. వచ్చే సోమవారం దాన్ని మట్టితో పూడ్చేస్తామని కొన్నవాళ్లు ఫోన్ చేశారు. ఆ మాట అక్కకు చెప్పాను.

"నాయిన చెయ్యి గా బాయిలనే ఉంది గద తమ్మీ" అంది.

నాకు ఏడేళ్లు, అక్కకు పన్నెండేళ్లు ఉన్నప్పుడు కరువొచ్చి ఆ బావి అడుగంటింది. నాయిన ఇంకో రెండు నిలువులు తవ్వించి అడుగున చుట్టూ సిమెంటు గోడ కట్టించాడు. పూత పచ్చిగా ఉండగానే అమ్మనూ మమ్మల్నీ కిందికి దింపాడు. పండక్కి గడప పక్కన పసుపు చేతులు అద్దినట్టు నలుగురం ఆ గోడకు చేతులు అద్దాం. మనం ఎవరమో గంగమ్మకు తెలియాలన్నాడు. వారం తిరక్కుండా ఊట ఊరి చేతులు మునిగిపోయాయి. మళ్లీ వాటిని ఎవరమూ చూడలేదు.

నాయిన కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది. మిగతా సగం చెరుకు గానుగలో పోయింది. ఫోటో అంటే చాలు, ఆ చెయ్యి వీపు వెనక్కి పోయేది. ఇంట్లో ఉన్న రెండు ఫోటోల్లోనూ అంతే. నాయిన పోయాక ఆ చెయ్యి ఉన్నదున్నట్టు మిగిలింది ఆ గోడ మీదే. ఒక్కసారి దాన్ని చూడాలని అక్క కోరిక.

"నేనే దిగి సూసొస్త" అంది.

నాకు ఈత నేర్పింది అక్కే. బావిలో మునిగి అడుగు నుంచి రాయి తెచ్చే పందెంలో మా వయసు మగపిల్లలెవరూ ఆమె ముందు నిలిచేవాళ్లు కాదు. కానీ ఇప్పుడు ఆమెకు యాభై ఏడేళ్లు, మోకాళ్లు చెప్పిన మాట వినవు. నీళ్లు తోడేద్దామంటే పొలం అమ్మగానే కరెంటు కనెక్షన్ పీకేశారు.

"నువ్వు ఒడ్డుకు కూసో అక్కా. ఫోటో నేను తెస్త" అని మాటిచ్చాను.

ఫోటోలు తీయడం నాకున్న ఒకే ఒక వ్యసనం. ఇరవై ఏడేళ్లుగా పటాన్‌చెరులో పంపుల ఫ్యాక్టరీలో నీళ్లు కారకుండా ఆపే రబ్బరు సీళ్లు బిగిస్తున్నాను. సెలవొస్తే మెడలో కెమెరా వేలాడాల్సిందే. నీళ్ల కింద మాత్రం ఎప్పుడూ తీయలేదు. అందుకని హైదరాబాద్‌లో సముద్రంలో మునిగేవాళ్లకు సామాను కిరాయికిచ్చే దుకాణానికి వెళ్లాను. దుకాణదారు ఏటా అండమాన్ పోయి మునిగి వచ్చే మనిషి. నా పెద్ద కెమెరాను బల్ల మీద పెట్టి, దీనికి సరిపోయే, నీళ్లు చొరబడని పెట్టె కావాలన్నాను. పైగా ఎర్ర ఫిల్టరు, రెండు లైట్లు కూడా అడిగాను. ఇంటర్నెట్లో చదివిందంతా అప్పటికే నా తలకెక్కి ఉంది.

అతను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టేశాడు. "ఎర్ర ఫిల్టరు సముద్రానికి, అన్నా. బాయికెందుకు? బాయి నీళ్లల్ల దూరంకెల్లి ఏం కనవడది. ఎంత దగ్గరికి పోతె అంత మంచిగ. గందుకే వెడల్పు లెన్సుది గీ చిన్న కెమెరా తీస్కపో. లైటు ఒక్కటి సాలు. అది గూడ కెమెరా పక్కకే పెట్టకు, నీళ్లల్ల మట్టి మెరుస్తది. చెయ్యి సాపి పక్కకెల్లి కొట్టు."

కెమెరాను పెట్టే గాజు పెట్టెను చివర్లో ఇచ్చాడు. దాని అంచున తెల్లటి సన్నని రబ్బరు రింగు ఉంది. "ఖాళీ పెట్టెల టిష్యూ కాయితం పెట్టి బకీట్ల ముంచు. కాయితం తడవకుంటె రింగు మంచిగున్నట్టు. ఇగ దాన్ని ముట్టకు" అన్నాడు.

ఇంట్లో ముంచి చూశాను. కాయితం తడవలేదు. అంతటితో ఊరుకోవాల్సింది. కానీ ఆ రింగు పొడిగా కనిపిస్తుంటే నా ప్రాణం ఊరుకోలేదు. గ్రీజు పెట్టకుండా రింగు బిగిస్తే మా ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ చెయ్యి విరగ్గొడతాడు. ఈ దుకాణాల వాళ్లకు సీళ్ల గురించి ఏం తెలుసని, శనివారం సాయంత్రం ఫ్యాక్టరీ గ్రీజు నిండుగా పట్టించి పెట్టె మూసేశాను. చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

ఆదివారం పొద్దున బావి దగ్గర నా సామాను చూసి అక్క నవ్వింది. "గిన్ని సామాన్లేందిరా, పెండ్లికి పోతున్నవా?"

మెట్లు దిగి మునిగాను. నీళ్లు ఆకుపచ్చగా, చల్లగా ఉన్నాయి. ఒక నిలువు దాటానో లేదో పెట్టె అంచు నుంచి బుడగలు మొదలయ్యాయి. గోడ చేరకముందే కెమెరా సగం దాకా నీళ్లు నిండాయి. పైకొచ్చి తెరిచి చూస్తే, ఆ మెత్తటి రింగు గ్రీజు తాగి ఉబ్బి, గాడిలోంచి బయటికొచ్చి వేలాడుతోంది. పంపుల రింగుకు బలమిచ్చే గ్రీజే దీనికి విషమైంది. ఇన్నేళ్ల పనితనం మీద నాకే అసహ్యం వేసింది. పెట్టెను మెట్టుకేసి కొట్టాను. అక్కకు మొహం చూపించలేకపోయాను.

"నువ్వు జెర పక్కకు జరుగు" అంది అక్క.

చూస్తుండగానే కొంగు నడుముకు చుట్టి, కుచ్చిళ్లు వెనక్కి దోపింది. వద్దని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని మునిగిపోయింది. నీళ్లు సద్దుమణిగాయి. దూకుదామని ఒక మెట్టు దిగేసరికి తల పైకి తేలింది. రొప్పుతూ వచ్చి మెట్టు మీద కూలబడింది.

"కనిపించిందా?"

"ఏం కనవడలే. మబ్బు మబ్బుగుంది. గోడంత తడుముకుంట పోయిన. దొరికింది. సూపుడువేలు సగమే ఉంది."

అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"నా చెయ్యి దాని మీద పెట్టిన. సరిగ్గ నా చెయ్యంతనే ఉందిరా. గింతే. ఎంత పెద్ద చెయ్యి అనుకుంటి!"

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నన్ను ఒంటిచేత్తో ఎత్తి ఎద్దు మీద కూర్చోబెట్టిన చెయ్యి అది. లెక్క వేస్తే ఆ గోడకు చెయ్యి అద్దిన రోజున నాయినకు ముప్పై నాలుగేళ్లు. నాకిప్పుడు యాభై రెండు. ఆ మాటే అక్కతో అన్నాను.

అక్క నీళ్లకేసి తిరిగింది. ఏడుస్తోందని భుజాలను బట్టి తెలిసింది.

"పోరగాడే ఉండెరా మన నాయిన" అంది.